ఆ రెండో తలుపు తాళం తీయండి

ఐస్ ఫ్యాక్టరీలు, కోల్డ్ స్టోరేజీలు, రొయ్యల ప్లాంట్లు నడుపుతున్న యజమానులకు, మేనేజర్లకు...

అయ్యా, నమస్కారం.

నేను 27 ఏళ్లు కంప్రెషర్ రూములో పనిచేసి రిటైరైన ఆపరేటర్‌ని. మొదట ఐస్ ఫ్యాక్టరీల్లో, తర్వాత రొయ్యల ప్లాంట్లలో చేశాను. మీలో కొందరి ఉప్పు తిన్నవాణ్ణి. మా పిల్లల చదువులు, మా అమ్మాయి పెళ్లి ఆ జీతంతోనే అయ్యాయి. కాబట్టి ఇది మీ మీద కోపంతో రాస్తున్న ఉత్తరం కాదు. మీ షెడ్డులో చల్లదనం కోసం పైపుల నిండా తిరుగుతున్న అమ్మోనియా గురించి, ఆ షెడ్డు వెనక వైపున్న తలుపు గురించి మీతో మాట్లాడాలని రాస్తున్నాను.

ముందు ఒక రాత్రి సంగతి చెప్తాను. చాలా ఏళ్లైంది. ప్లాంటు పేరూ ఊరి పేరూ రాయను.

సీజన్ మంచి జోరు మీద ఉంది. రాత్రి రెండు దాటింది. హాల్లో బల్లల దగ్గర యాభై అరవై మంది ఆడవాళ్లు నిలబడి రొయ్యల తలలు తీస్తున్నారు. నాతోపాటు డ్యూటీలో ఉన్న కుర్రాడు ఆయిల్ డ్రెయిన్ చేస్తున్నాడు. కంప్రెషర్‌లో పోసిన ఆయిల్ కొంచెం కొంచెంగా గ్యాస్‌తోపాటు సిస్టమ్‌లోకి పోతుంది. అది ద్రవ అమ్మోనియా కంటే బరువు కాబట్టి అడుగున చేరుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు కింది వాల్వ్ నుంచి తీసేయాలి. చలికి ఆయిల్ గడ్డకట్టినట్టు చిక్కగా ఉంటుంది. వాల్వ్ తిప్పితే ఏమీ రాదు. ఇంకాస్త తిప్పుతాం. అప్పుడు నెమ్మదిగా మొదలవుతుంది. కుర్రాడు వాల్వ్ కింద బకెట్ పెట్టి, ఇది రావడానికి టైం పడుతుందిలే అని కండెన్సర్ నీళ్ల పంపు చూడ్డానికి బయటికి వెళ్లాడు. రెండు నిమిషాలు కూడా కాలేదు. ఆయిల్ అయిపోయి దాని వెనకున్న అమ్మోనియా ఒక్కసారిగా తోసుకొచ్చింది. చూస్తుండగానే రూమంతా తెల్లటి పొగ.

మాస్కు ఉంది. కానీ ఆ రూములోపలి బీరువాలో ఉంది. ద్రవ అమ్మోనియా నిలవ ఉండే ట్యాంకు, అంటే రిసీవర్, బయట ఉండబట్టి మెయిన్ వాల్వ్ కట్టగలిగాను. కట్టినా, అప్పటికే లోపలున్న గ్యాస్ అయిపోయేదాకా వస్తూనే ఉంది. పైపులు వెళ్లే గోడ కంతల్లోంచి హాల్లోకి దూరింది.

హాలుకి రెండు తలుపులు. ముందు తలుపు మా కంప్రెషర్ రూము పక్కనే, అంటే గ్యాస్ వస్తున్న వైపు. వెనక తలుపుకి గొలుసు, తాళం. తాళంచెవి సూపర్‌వైజర్ జేబులో. ఆయన టీ తాగడానికి సెంటర్‌కి వెళ్లాడు.

ఆ అరుపులు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. కొందరు ముందు తలుపు వైపు, అంటే నేరుగా గ్యాస్‌లోకే పరిగెత్తారు. కొందరు వెనక తలుపుని పిడికిళ్లతో బాదుతున్నారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒకామె, నలభై ఏళ్లుంటాయేమో, ఐస్ ముక్క లోపలికి తోసే రేకు కిటికీని భుజంతో గుద్ది పైకి లేపింది. పక్కనున్న ఆడపిల్లల్ని రెక్క పట్టుకొని ఒక్కొక్కరినే అందులోంచి బయటికి తోసింది. చివర్న తను వచ్చింది. ఆ కిటికీ లేకపోతే, ఆమె లేకపోతే ఏమయ్యేదో ఆలోచించడానికే నాకు భయం.

దేవుడి దయవల్ల ఎవరూ పోలేదు. ఇద్దరు అమ్మాయిలు కళ్లకు కట్లతో నెల రోజులున్నారు. పొద్దున్నే హాల్లోకి వెళ్లి చూశాను. బల్లల మీద సగం తలలు తీసిన రొయ్యలు, కరిగిపోయిన ఐసు, నేల మీద జత తప్పిన గమ్ బూట్లు. వెనక తలుపు రేకు మీద తడి చేతుల గుర్తులు.

సాయంత్రానికి ఆ తలుపుకి మళ్లీ అదే తాళం పడింది. రొయ్యలు బయటికి పోతున్నాయట, అందుకని. నేను నోరు మెదపలేదు. అడిగితే రేపట్నుంచి రావద్దంటారని భయం. ఈ ఉత్తరం నేను ఆ రోజే రాయాల్సింది.

మీరు తాళం ఎందుకు వేస్తారో నాకు తెలుసు. కిలో రొయ్యల ధర నాకూ తెలుసు. అయినా ఒక్కటి వినండి. 1991 సెప్టెంబరులో అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రం హామ్లెట్ అనే ఊళ్లో ఒక కోడిమాంసం ప్లాంటు తగలబడింది. అక్కడ మండింది అమ్మోనియా కాదు, మెషీన్ నుంచి చిమ్మిన హైడ్రాలిక్ ఆయిల్. కానీ మాంసం దొంగతనం పోతుందని తలుపులకి తాళాలు వేశారు. 25 మంది చనిపోయారు. ఆ యజమాని జైలుకి వెళ్లాడు. 2013 జూన్‌లో చైనాలోని జిలిన్ రాష్ట్రంలో ఇంకో కోళ్ల ప్లాంటు. కరెంటు షార్ట్ సర్క్యూట్‌తో మంటలు లేచి, ఆ వేడికి అమ్మోనియా పరికరాలు పేలి గ్యాస్ హాల్లోకి వచ్చింది. బయటికి దారి ఉంది, కానీ తలుపులకి తాళాలున్నాయి. 121 మంది పోయారు. ఎక్కడో అమెరికా, ఎక్కడో చైనా. తాళం వేసిన కారణం మాత్రం మనదే. సరుకు పోకూడదని, మనుషులు మాటిమాటికీ బయటికి పోకూడదని.

తాళం తీసేస్తే దొంగతనం ఎలా ఆపాలి అంటారా? లోపలి నుంచి ఒక్క తోపుకి తెరుచుకుని, బయటి నుంచి తెరుచుకోని తలుపులు బజార్లో దొరుకుతాయి. తెరిస్తే బెల్లు మోగేలా పెట్టించుకోవచ్చు. ఒక కెమెరా పెట్టుకోండి. దాని ఖర్చు మీ ప్లాంటులో ఒక్క రోజు కరెంటు బిల్లుతో పోలిస్తే ఎంతో మీకే తెలుసు.

అమ్మోనియా చెడ్డదని, దాన్ని తీసేయమని నేననను. నూట యాభై ఏళ్లుగా లోకమంతా దాంతోనే ఐసు చేస్తోంది. ఓజోన్ పొరకి హాని చేయదు, చవక, చల్లదనంలో దాన్ని మించింది లేదు. మన రొయ్య గోదావరి జిల్లాల నుంచి అమెరికా దాకా చెడిపోకుండా వెళ్తోందంటే దాని చలవే. కానీ దాని గుణం తెలుసుకుని దాంతో బతకాలి. మైనస్ 33 డిగ్రీల దగ్గరే అది మరిగి ఆవిరవుతుంది. అందుకే పైపులో ఒత్తిడితో బంధించి ఉంచుతాం. చిన్న సందు దొరికితే చాలు, ఒక లీటరు ద్రవం ఎనిమిది వందల లీటర్లకు పైగా గ్యాస్ అవుతుంది. గాలి కంటే తేలిక కాబట్టి పైకి పోతుందని మా పాతవాళ్లు ధైర్యం చెప్పేవారు. అది సగమే నిజం. ద్రవంగా చిమ్మినప్పుడు ఆ చలికి, మన గాలిలో ఉండే తేమకి తెల్లటి మంచులా మారి నేలబారునే పాకుతుంది. ఇంకో సంగతి, దానికి నీళ్లంటే ప్రాణం. తడి ఎక్కడుంటే అక్కడికి పోతుంది. మనిషి ఒంట్లో తడి ఉండేది కళ్లలో, ముక్కులో, గొంతులో, ఊపిరితిత్తుల్లో, చెమట పట్టిన చంకల్లో. ఆ తడితో కలిసి ఘాటైన క్షారంగా మారుతుంది. యాసిడ్ పడితే పైపైన కాలి అక్కడే ఆగవచ్చు. క్షారం కణాన్ని కరిగించుకుంటూ లోపలికి పోతూనే ఉంటుంది. కంట్లో పడితే నిమిషాలు కూడా చూపుకి లెక్కే.

ఆ ఇద్దరు అమ్మాయిల కళ్లు వెంటనే కడిగి ఉంటే నెల రోజుల కట్లు ఉండేవి కావేమో. కడగాలని ఎవరికీ తెలియదు. ఒకామె కొంగుతో గట్టిగా రుద్దింది. ఇంకెవరో నిమ్మకాయ పిండమన్నారు, పులుపుతో విరుగుతుందని. దయచేసి ఈ మాట మీ ప్లాంటులో ప్రతి ఒక్కరికీ చెప్పండి. నిమ్మరసం వద్దు, వెనిగర్ వద్దు, కుంకుడు రసమూ వద్దు. మామూలు మంచినీళ్లు. రెప్పలు రెండు వేళ్లతో విడదీసి పట్టుకొని, ధారగా, కనీసం పదిహేను నిమిషాలు ఆపకుండా కడగాలి. ఆ తర్వాత ఆస్పత్రికి. దారిలో కూడా కడుగుతూ తీసుకెళ్లగలిగితే ఇంకా మంచిది. ద్రవం బట్టల మీద పడి గడ్డకట్టి చర్మానికి అతుక్కుంటే లాగకూడదు, చర్మం ఊడొస్తుంది. నీళ్లు పోసి కరిగించాకే తీయాలి.

ఊపిరితిత్తుల సంగతి ఇంకా మోసం. మాతో పనిచేసిన ఒక ఫిట్టర్, నాకు అన్నలాంటివాడు, ఒకసారి లీకులో బాగా పీల్చాడు. దగ్గాడు, కళ్లు తుడుచుకున్నాడు, గంటలో తేరుకున్నాడు. బెల్లం ముక్క నోట్లో వేసుకొని ఏమీ కాలేదురా అని నవ్వి సైకిలెక్కి ఇంటికి పోయాడు. అర్ధరాత్రి ఊపిరాడక లేచి కూర్చున్నాడట. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆక్సిజన్ మీద వారం ఉండి బయటపడ్డాడు గానీ, తర్వాత మేడ మెట్లు ఎక్కితే ఆయాసపడేవాడు. గ్యాస్ గట్టిగా పీల్చిన మనిషి బాగున్నానన్నా ఇంటికి పంపకండి. ఒక రోజంతా డాక్టరు కళ్ల ముందు ఉండాలి. ఆ రోజు కూలి కట్ చేస్తారని తెలిస్తే వాళ్లు ఆస్పత్రికి పోవడానికి ఒప్పుకోరు, అందుకని ఆ కూలి మీరే ఇవ్వండి.

వాసన వస్తుందిగా, వస్తే తెలుస్తుందిగా అని మీ మేనేజర్లు అనడం నేను చాలాసార్లు విన్నాను. కొత్తగా వచ్చిన మనిషికి గాలిలో పది లక్షల పాళ్లలో ఐదు పాళ్లున్నా ముక్కుకి తగులుతుంది. దాన్నే ఐదు పీపీఎం అంటారు. ఎనిమిది గంటల డ్యూటీ మొత్తం మీద సగటున 25 పీపీఎం దాటకూడదు, పదిహేను నిమిషాలకైతే 35 దాటకూడదు అని మన ఫ్యాక్టరీల చట్టం పట్టికలోనే రాశారు. 300 దాటితే ప్రాణానికి ముప్పు, రక్షణ లేని మనిషి అక్కడ నిలబడకూడదు. ఐదు వేలు దాటితే నిమిషాల్లో పని అయిపోతుంది. ఇక మా ముక్కుల సంగతి. ఏళ్ల తరబడి ఆ రూములో కూర్చున్న ఆపరేటరుకి వాసన అలవాటై ముక్కు మొద్దుబారిపోతుంది. బయటి నుంచి వచ్చినవాడు ముక్కు మూసుకుంటుంటే నేను ఏముంది ఇక్కడ అనేవాణ్ణి. నా ముక్కుని నమ్ముకొని అరవై మందిని లోపల పెట్టకండి. గోడకి గ్యాస్ మీటర్ పెట్టించండి. కంప్రెషర్ రూములో ఒకటి, హాల్లో ఒకటి. సల్ఫర్ వత్తి వెలిగించి వాల్వ్ గ్లాండ్ల దగ్గర, పైపులు కలిసే ఫ్లేంజ్‌ల దగ్గర తిప్పితే లీకున్న చోట తెల్లటి పొగ వస్తుంది. అది లీకు ఎక్కడుందో వెతకడానికి పనికొస్తుంది, కాపలా కాయడానికి కాదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం. ప్లాంటులో అమ్మోనియా గురించి తెలిసినవాళ్లు నలుగురైదుగురు. ఆపరేటర్లు, ఫిట్టర్, మేనేజర్. తెలియనివాళ్లు వందమంది. వాళ్లే ఆడవాళ్లు, వాళ్లే రోజు కూలీలు. మేస్త్రి వ్యాన్లో తెచ్చి దింపుతాడు. తల కట్టుకోండి, బూట్లు వేసుకోండి, గోళ్లు చూపించండి, గాజులు తీసేయండి అని అన్నీ చెప్తారు. రొయ్యకి వెంట్రుక తగలకుండా ఎంత జాగ్రత్త! గోడ అవతల ఏముందో, వాసన వస్తే ఎటు పరిగెత్తాలో చెప్పేవాళ్లు లేరు. ఇప్పుడు ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి వస్తున్న అమ్మాయిలకు తెలుగు బోర్డు పెట్టినా చదవడం రాదు. 2024 జులైలో తమిళనాడులో తూత్తుకుడి దగ్గర చేపల ప్లాంటులో అమ్మోనియా లీకైనప్పుడు ఆస్పత్రి పాలైనవాళ్లలో ఇలా ఒడిశా నుంచి వచ్చిన ఆడపిల్లలు ఉన్నారు.

చెప్పాల్సింది పెద్ద క్లాసు కాదు, పది నిమిషాల మాట. ఈ వాసన వస్తే చేతిలో రొయ్య అక్కడే వదిలేయండి. చున్నీనో తువ్వాలునో తడిపి ముక్కుకీ నోటికీ గట్టిగా పట్టుకోండి. గ్యాస్ నీళ్లలో కలిసిపోతుంది కాబట్టి బయటపడేదాకా అది కాస్త ఆదుకుంటుంది, అంతకు మించి ఆగదు, ఆ గుడ్డ కట్టుకొని ఎవరూ లోపలికి వెళ్లకూడదు. షెడ్డు మీద కట్టిన గుడ్డ ఎటు ఎగురుతోందో చూసి, గాలికి ఎదురూ కాదు, గాలి పోయే వైపూ కాదు, అడ్డంగా పక్కకి వెళ్లండి. ఫలానా చెట్టు కింద అందరూ చేరండి, అక్కడ లెక్కపెడతాం. షెడ్డు మీద వెదురు గడకి ఒక ఎర్రగుడ్డ కట్టడానికి మీకు వంద రూపాయలు కూడా కాదు. మన తీరంలో పగలు గాలి సముద్రం మీద నుంచి వస్తుంది, రాత్రికి తిరగబడి నేల మీద నుంచి సముద్రం వైపు పోతుంది. పగలు ప్రాక్టీసు చేయించిన దారి రాత్రికి తప్పు దారి కావచ్చు. అందుకే ఆ గుడ్డ మీద రాత్రి ఒక లైటు పడాలి. నెలకోసారి ఒక్కసారి బెల్లు కొట్టి అందర్నీ బయటికి నడిపించండి. నైట్ షిఫ్టులో కూడా.

2020 మే 7న తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ప్లాస్టిక్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఊరి మీద పడ్డ సంగతి మీకందరికీ గుర్తుంది. 12 మంది పోయారు. ఫ్యాక్టరీలో సైరన్ మోగించే బటన్లు 36 చోట్ల ఉన్నాయి, ఒక్కటీ నొక్కలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ చెప్పింది. జనం నిద్రలేచింది కళ్లు మండి. అదే ఏడాది జూన్‌లో నంద్యాలలో ఒక ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకై ఒకరు చనిపోయారు. 1984లో భోపాల్‌లో ఆస్పత్రికి వేలమంది వస్తుంటే, వాళ్లు పీల్చింది ఏ గ్యాసో డాక్టర్లకే తెలియలేదు. మీ దగ్గర్లో ఉన్న ప్రభుత్వాసుపత్రి డాక్టరు గారికి, ఫైర్ స్టేషన్‌కి ఈ రోజే ఒక కాగితం పంపండి. మా దగ్గర ఇంత అమ్మోనియా ఉంది, ఫలానా చోట రిసీవర్ ఉంది, మెయిన్ వాల్వ్ ఇక్కడ అని. ఫైర్ వాళ్లకి తప్పకుండా తెలియాల్సిన మాట ఒకటుంది. నేల మీద నిలిచిన ద్రవ అమ్మోనియా మీద నీళ్లు కొడితే అది ఇంకా ఉడికి లేస్తుంది. నీళ్లు కొట్టాల్సింది గాలిలో కదిలే పొగ మీద, జల్లులా.

కంప్రెషర్ రూము లోపల చేయాల్సినవి మీ ఆపరేటర్లకు తెలుసు, మీరు సామాను కొనివ్వాలంతే. మాస్కులు, గాలి సిలిండర్ల సెట్లు రెండు, రూము బయట గోడకి తగిలించి ఉండాలి, తాళం లేని పెట్టెలో. అమ్మోనియాకి పనికొచ్చే డబ్బా ఉన్న మాస్కు వేరు, కరోనా మాస్కు వేరు. గ్యాస్ దట్టంగా ఉన్న చోటికి ఆ డబ్బా మాస్కు కూడా చాలదు, గాలి సిలిండర్ ఉన్నవాడే, అదీ బయట ఇంకొకడు కాపలా ఉంటేనే లోపలికి వెళ్లాలి. కంప్రెషర్ ఆపే స్విచ్, ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్విచ్ కూడా బయటే. గాలిలో నూటికి పదిహేను పాళ్లు చేరితే అమ్మోనియా అంటుకుంటుంది కూడా, లోపలికి పోయి స్విచ్ వేయబోతే ఆ నిప్పురవ్వే చాలు. ఆయిల్ డ్రెయిన్‌కి, చెయ్యి తీస్తే తనంతట తనే మూసుకుపోయే స్ప్రింగ్ వాల్వ్ పెట్టించండి. ఆ రాత్రి మా కుర్రాడి చేతి కింద అది ఉండుంటే, వాడు పంపు చూడ్డానికి వెళ్లగానే అదే మూసుకుపోయేది. తప్పు వాడిదేనని అందరూ అన్నారు. మూడు రోజులుగా డబుల్ డ్యూటీ చేస్తున్న కుర్రాడు వాడు.

పాత కాయిళ్ల గురించి, అంటే ఉప్పునీళ్లని చల్లబరిచే అమ్మోనియా పైపుల చుట్టల గురించి కూడా ఒక మాట. బ్రైన్ ట్యాంకులో ఉప్పునీళ్లకి అమ్మోనియా వాసన వస్తుంటే, ఈ సీజన్ లాగించేద్దాం అంటారు. 2017 అక్టోబరులో కెనడాలో ఫెర్నీ అనే ఊళ్లో స్కేటింగ్ మైదానాన్ని చల్లబరిచే చిల్లర్‌లో సరిగ్గా ఇదే జరిగింది. బ్రైన్‌లోకి అమ్మోనియా దిగుతోందని ముందే తెలుసు, చిల్లర్ మార్చాలనీ తెలుసు. వాయిదా వేశారు. మళ్లీ ఆన్ చేశారు. ముగ్గురు పోయారు. 2013లో చైనాలోని షాంఘైలో పైపుల మీద పేరుకున్న మంచుని వేడి గ్యాస్‌తో కరిగిస్తుంటే పైపు చివరి మూత ఎగిరిపోయి 15 మంది చనిపోయారు. మంచు కరిగించేటప్పుడు హాల్లో జనం లేకుండా చూసుకోండి, పది నిమిషాలు ఆలస్యమైతే ఏమీ పోదు.

మంటలు అంటుకుంటే పనివాళ్లు తప్పించుకునే దారి ఉండాలని, ఆ దారి వాళ్లందరికీ తెలిసి ఉండాలని, దాంట్లో వాళ్లకి తర్ఫీదు ఇవ్వాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. పాత కార్మిక చట్టాలు లేబర్ కోడ్‌లుగా మారినా ఆ బాధ్యత యజమాని నెత్తిమీదే ఉంది. కానీ ఇన్‌స్పెక్టరు గారు వచ్చిన రోజు తాళం తీసి, వెళ్లగానే మళ్లీ వేయడం నేను కళ్లారా చూశాను. అందుకే ఈ ఉత్తరం ఇన్‌స్పెక్టరు గారికి కాకుండా మీకు రాస్తున్నాను. తాళంచెవి మీ దగ్గరుంది.

నాకిప్పుడు ఖాళీయే. ఎవరైనా పిలిస్తే వస్తాను. డబ్బులు వద్దు, వ్యాను వద్దు, బస్సులో వస్తాను. ఆడవాళ్లందరూ బల్లల దగ్గర ఉన్న టైము చెప్పండి. ఒడియా మాట్లాడే అమ్మాయి ఒకరు నా పక్కన నిలబడితే చాలు. ముందు వెనక తలుపు దగ్గరికి తీసుకెళ్లి, వాళ్ల చేతులతోనే ఒకసారి తోయించి, బయట నిలబెట్టి, అప్పుడు మాట్లాడతాను.

ఇట్లు,
27 ఏళ్లు మీ కంప్రెషర్ల పక్కన కూర్చున్న ఓ ఆపరేటర్,
పశ్చిమ గోదావరి జిల్లా